అప్పుల ఊబి నుంచి ఒడ్డుకు చేరిన రాష్ట్రం

పాతికేళ్ళ క్రితం దేశంలోని అత్యంత ఋణగ్రస్త రాష్ట్రాలలో ఒకటైన ఒడిశా, 2025లో ఆర్థికారోగ్యపు పట్టికలో మొదటి స్థానం పొందింది. ఆ ప్రయాణం ఎలా సాగింది? దాని మూల్యం ఎవరు చెల్లించారు?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి దేశంలోని శాసనసభలలో ఇంచుమించు ఒకే దృశ్యం కనబడుతుంది. ఆర్థికమంత్రి లేచి నిలబడి గంటకు పైగా ప్రసంగం చదువుతారు. అధికార పక్షం వారు బల్లలు చరుస్తారు, ప్రతిపక్షం వారు పెదవి విరుస్తారు. మరునాటి పత్రికలలో మొత్తం కోట్ల సంఖ్య పతాక శీర్షికగా వెలువడుతుంది. కిందటి ఏటి సంఖ్య కన్న అది సాధారణంగా పెద్దదే అయి ఉంటుంది. ధరలు పెరిగినప్పుడు అంకెలూ పెరుగుతాయి గనుక అందులో వింత ఏమీ లేదు.

లోగడ సామాన్య పాఠకుడికి బడ్జెట్‌తో ఒక పని ఉండేది. ఏ వస్తువు మీద అమ్మకం పన్ను పెరిగింది, దేని మీద తగ్గింది అని ఆత్రంగా చూసేవాడు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత ఆ ఆత్రమూ పోయింది. రాష్ట్రాలు తమంతట తాము రేటు మార్చగల పన్నులు ఇప్పుడు పెట్రోలు, డీజిలు, మద్యం, స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహనాల వంటి కొద్దిపాటి వాటి మీద మాత్రమే మిగిలాయి. దానితో చాలామందికి రాష్ట్ర బడ్జెట్ అంటే అర్థంకాని అంకెల మూటగా మారింది.

కాని ఆ మూట విప్పి చూడటం బ్రహ్మవిద్య కాదు. చూడవలసిన అవసరం మాత్రం ఎంతైనా ఉన్నది. ఊరి బడికి ఉపాధ్యాయుడు వస్తాడా, రిటైరైన గుమాస్తాకు ఒకటో తారీకున పింఛను అందుతుందా, తుఫాను నాటి రాత్రి తలదాచుకోవటానికి పక్కా కట్టడం ఉంటుందా అన్నవన్నీ ఆ అంకెలలోనే దాగి ఉన్నాయి. ఇందుకు ఒడిశా చరిత్ర చక్కని నిదర్శనం.

రెండు పద్దులు, నాలుగు వరుసలు

రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రంలోను రాబోయే సంవత్సరపు ఆదాయవ్యయాల అంచనాను శాసనసభ ముందు ఉంచాలి. అందులో ప్రధానంగా రెండు పద్దులుంటాయి. మొదటిది రెవిన్యూ పద్దు. పన్నులు, రుసుములు, గనుల మీద రాయల్టీ, కేంద్ర పన్నులలో వాటా, కేంద్రం ఇచ్చే గ్రాంట్లు దీనికి రాబడి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, ఆస్పత్రి మందులు దీనిలోని ఖర్చు. రెండవది మూలధన పద్దు. తెచ్చిన అప్పులు ఇందులో జమ అవుతాయి. కట్టిన ఆనకట్టలు, వేసిన రోడ్లు, తీర్చిన పాత అప్పుల అసలు ఇందులో ఖర్చు కింద పడతాయి.

సంసారం చేసే ప్రతివారికీ ఈ తేడా తెలుసు. బావి తవ్వించటానికి అప్పు చేసిన రైతు, పంట పండితే ఆ అప్పు తీర్చగలడు. నెలవారీ వెచ్చాలకే అప్పు చేసేవాడికి ఆ దారి లేదు. 'అప్పు చేసి పప్పు కూడు' అని మనవారు అన్నది ఇటువంటి సంసారాన్ని చూసే. రెవిన్యూ పద్దులో రాబడి కన్న ఖర్చు మించితే దానిని రెవిన్యూ లోటు అంటారు. అనగా ప్రభుత్వం జీతాలకు, వడ్డీలకు సైతం అప్పు తెస్తున్నదని అర్థం. రెండు పద్దులనూ కలిపి చూసినప్పుడు, ఆ సంవత్సరం మొత్తంమీద కొత్తగా ఎంత అప్పు కావలసి వచ్చిందో తెలిపేది ద్రవ్యలోటు. ఈ లోటుకు చట్టం ద్వారా హద్దు గీసుకున్న మొదటి రాష్ట్రం కర్ణాటక. అది 2002లో. మరుసటి ఏడు కేంద్రమూ, దరిమిలా తక్కిన రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. రాష్ట్ర స్థూలోత్పత్తిలో 3 శాతం అన్నది సాధారణంగా పాటించే హద్దు.

బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దుకూ ఎదురుగా నాలుగు వరుసల అంకెలుంటాయి. రెండేళ్ళ క్రితం నిజంగా జరిగిన ఖర్చు, ఈ ఏడు మొదట వేసిన అంచనా, దానిని సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. మంత్రిగారి ప్రసంగం నాలుగవ వరుస చుట్టూనే తిరుగుతుంది. తెలిసినవారు మొదటి వరుసను చూస్తారు. ఏమి చేయదలచారో నాలుగవది చెబితే, ఏమి చేశారో మొదటిది చెబుతుంది. ఈ రెంటికీ మధ్య అంతరం ఏటేటా పెరుగుతూ పోతుంటే, ఆ ప్రభుత్వపు మాటకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకుడే తేల్చుకోవచ్చు.

తుఫానులో చిక్కిన ఖజానా

1999 అక్టోబరు 29న పెను తుఫాను ఒరిస్సా తీరాన్ని తాకింది. రాష్ట్రం పేరు ఒడిశాగా మారింది 2011లో. ఆ తుఫానులో సుమారు పదివేల మంది మరణించారు. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమ ప్రాంతంలో సముద్రం పొంగి ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకు పోయాయి. పంటలు, పశువులు, ఇళ్ళు, బడులు అన్నీ పోయాయి.

పునర్నిర్మాణానికి డబ్బు కావాలి. ఖజానాలో లేదు. 1990 దశకం చివర కేంద్ర ప్రభుత్వపు ఐదవ వేతన సంఘం సిఫార్సులను అనుసరించి రాష్ట్రాలన్నీ జీతాలు పెంచాయి. అప్పటికే బలహీనంగా ఉన్న ఒరిస్సాకు ఇది మోయలేని భారమైంది. ఉన్న అప్పుకు వడ్డీ కట్టటానికి కొత్త అప్పు తేవలసిన స్థితి ఏర్పడింది. 2001-02 నాటికి ప్రభుత్వానికి వచ్చిన ప్రతి నూరు రూపాయలలో దాదాపు 40 రూపాయలు వడ్డీలకే పోయేవి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు కలిపి చూస్తే అవి రాష్ట్రం సొంతంగా వసూలు చేసుకునే మొత్తాన్ని ఎంతో మించిపోయాయి. ఆ మరుసటి సంవత్సరం నాటికి ప్రభుత్వ ఋణం రాష్ట్ర స్థూలోత్పత్తిలో సగం దాటింది.

దేశంలోకెల్ల పేద రాష్ట్రాలలో ఒకటి, ఆకలి చావుల వార్తలతో పత్రికలకెక్కిన కలహండి, బొలంగీర్, కోరాపుట్ ప్రాంతాలు గల రాష్ట్రం, తన రాబడిలో అంత భాగాన్ని అప్పులవాళ్ళకు సమర్పించుకుంటున్నదన్న మాట. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో ఒడియా వారితోపాటు తరతరాలుగా జీవిస్తున్న తెలుగువారు కూడా ఈ దుస్థితిలో భాగస్వాములే.

చేదు మందు

2000 మార్చిలో నవీన్ పట్నాయక్ ముఖ్యమంత్రి అయ్యారు. 2001లో రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖతో ఒక అవగాహన ఒప్పందం చేసుకుంది. సాయం కావాలంటే ఖర్చు తగ్గించాలి, రాబడి పెంచాలి అన్నది దాని సారాంశం. ఖాళీ అయిన ఉద్యోగాలలో అధిక భాగాన్ని నింపకుండా రద్దు చేశారు. 2005 జనవరి 1 తరువాత చేరిన ఉద్యోగులకు పాత పింఛను బదులు, ఉద్యోగీ ప్రభుత్వమూ చెరికొంత జమచేసే కొత్త పింఛను పద్ధతి పెట్టారు. ఆ ఏడు ఏప్రిల్‌లో అమ్మకం పన్ను స్థానే విలువ ఆధారిత పన్ను వచ్చింది. అదే సంవత్సరం ద్రవ్య బాధ్యత చట్టమూ చేశారు. అటువంటి చట్టం చేసిన రాష్ట్రాలకు పన్నెండవ ఆర్థిక సంఘం కేంద్రపు పాత అప్పులలో ఉపశమనం కల్పించింది. ఒడిశా దానిని వినియోగించుకుంది.

అంతకు ముందు తీసుకున్న మరొక నిర్ణయం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. దేశంలో మొట్టమొదట విద్యుత్ బోర్డును విడదీసిన రాష్ట్రం ఒరిస్సాయే. 1996లో ఉత్పత్తి, సరఫరా, పంపిణీలను వేరుచేసి, 1999లో పంపిణీని ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. ఆ ప్రయోగం సాఫీగా సాగలేదు. నష్టాలు తగ్గలేదు, ఒక విదేశీ సంస్థ 2001లో చేతులెత్తేసి వెళ్ళిపోయింది, పంపిణీ వ్యవస్థ చివరకు 2020-21లో మళ్ళీ చేతులు మారింది. కాని ఒక ఫలితం మాత్రం మిగిలింది. అనేక రాష్ట్రాల బడ్జెట్లను ఏటా కుంగదీసే విద్యుత్ సబ్సిడీ, ఒడిశా బడ్జెట్ మీద అంతగా పడలేదు.

2005-06లో రెవిన్యూ పద్దు లోటు నుంచి మిగులులోకి వచ్చింది. అటు తరువాత కొన్నేళ్ళపాటు రాష్ట్రం బహిరంగ మార్కెట్లో అప్పు కోసం వెళ్ళనే లేదు. వడ్డీ భారం ఏటేటా తగ్గుతూ, 2022-23 నాటికి నూరు రూపాయల రాబడిలో 5 రూపాయల లోపుకు దిగింది.

ఆ మిగులు దేనికి పనికి వచ్చిందన్నది తీరప్రాంతంలో కనబడుతుంది. 1999 అనుభవంతో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక విపత్తు నివారణ సంస్థను నెలకొల్పింది. ప్రపంచ బ్యాంకు, కేంద్రాల సాయం కూడా తోడై తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు లేచాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోగా దాదాపు పది లక్షల మందిని సురక్షిత ప్రదేశాలకు తరలించారు. మృతుల సంఖ్య పదులలోనే ఆగింది. 2019 మేలో ఫణి తుఫాను వచ్చినప్పుడు సుమారు పన్నెండు లక్షల మందిని తరలించారు. ఖజానాలో నాలుగు రాళ్ళు ఉండటం, లేకపోవటం అన్నది అంకెల సంగతి మాత్రమే అనుకునేవారికి ఇంతకన్న సమాధానం అక్కరలేదు.

చేదు మింగినది ఎవరు?

అయితే ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పటం న్యాయం కాదు. రద్దయిన ప్రతి ఉద్యోగం వెనుకా చదువుకుని ఎదురుచూస్తున్న యువకుడో, యువతియో ఉన్నారు. బడులలో పూర్తి జీతపు ఉపాధ్యాయుల స్థానే శిక్షా సహాయకులను నియమించారు. వారికిచ్చినది క్రమబద్ధమైన ఉపాధ్యాయుని జీతంలో కొద్ది భాగమే. 2013లో చేసిన నిబంధనల ప్రకారం దిగువ స్థాయి ఉద్యోగాలలో చేరినవారు ఆరేళ్ళపాటు కాంట్రాక్టు మీదనే పనిచేయవలసి వచ్చింది. పక్క బల్ల దగ్గర అదే పని చేస్తున్న సీనియరుకు వచ్చే జీతం, సెలవులు, భద్రత వారికి లేవు.

2022 అక్టోబరులో ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాల పద్ధతికి స్వస్తి చెప్పింది. 57,000 మందికి పైగా ఉద్యోగులు క్రమబద్ధమయ్యారు. దీనివల్ల ఏటా సుమారు 1,300 కోట్ల రూపాయల అదనపు ఖర్చు అని అప్పుడు ప్రకటించారు. ఈ అంకెను తిరగేసి చూడాలి. అంతవరకు ఏటా అటువంటి మొత్తం ఆదా అయినది ఈ చిన్న ఉద్యోగుల చేతుల మీదుగానే. బడ్జెట్ పుస్తకంలో 'వ్యయ నియంత్రణ' అన్న రెండు మాటలలో ఇమిడిపోయిన సంగతి, వారి ఇళ్ళలో వాయిదా పడిన పెళ్ళిళ్ళుగా, కట్టుకోలేకపోయిన ఇళ్ళుగా కనబడి ఉంటుంది.

భూగర్భంలోని అదృష్టం

పొదుపు ఒక్కటే ఒడిశాను ఒడ్డున పడవేయలేదు. 2003 తరువాత దేశ ఆర్థిక వ్యవస్థ వేగం పుంజుకున్నది. కేంద్ర పన్నుల వసూళ్ళు పెరిగి, వాటిలో రాష్ట్రాల వాటా కూడా పెరిగింది. పద్నాలుగవ ఆర్థిక సంఘం 2015లో ఆ వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. పదిహేనవ సంఘం 41 శాతంగా నిర్ణయించింది. పేద రాష్ట్రాలకు ఇందులో తగిన ప్రాధాన్యం ఉంటుంది.

అంతకన్న పెద్ద అదృష్టం భూగర్భంలో ఉన్నది. దేశంలో తవ్వే ఇనుప ఖనిజంలో సగానికి పైగా ఒడిశాదే. కెందుఝర్, సుందర్‌గఢ్ జిల్లాలు దీనికి కేంద్రాలు. పూర్వం టన్నుకు ఇంత అని నామమాత్రపు రాయల్టీ వచ్చేది. చైనా గిరాకీతో ఖనిజం ధర ఆకాశాన్నంటినా రాష్ట్రానికి దక్కేది అంతంతే. 2009 ఆగస్టులో రాయల్టీని ధరలో 10 శాతంగా మార్చారు, 2014లో దానిని 15 శాతం చేశారు. 2015లో గనుల చట్టాన్ని సవరించి వేలం పద్ధతి ప్రవేశపెట్టారు. పాత లీజులు అనేకం 2020 మార్చి 31తో ముగిశాయి. వేలంలో కొన్ని గనులకు అమ్మకపు విలువలో నూరు శాతానికి మించిన ప్రీమియం పలికింది. ఫలితంగా, 2020-21లో సుమారు 14,000 కోట్లుగా ఉన్న గనుల రాబడి మరుసటి సంవత్సరం 50,000 కోట్లకు చేరువైంది.

ఈ సంపదకూ నీడ ఉన్నది. అనుమతులు లేకుండా ఏళ్ళ తరబడి సాగిన తవ్వకాల మీద 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అలా తవ్విన ఖనిజపు పూర్తి విలువను గనుల యజమానులు చెల్లించాలన్నది. ఆ డబ్బు గనుల ప్రాంతాలలోని గిరిజనుల మేలుకు వినియోగించాలని నిర్దేశించింది. పైగా గనుల రాబడి నిలకడ లేనిది. 2022 మేలో కేంద్రం ఇనుప ఖనిజం ఎగుమతులపై భారీ సుంకం విధించి, నవంబరులో ఎత్తివేసింది. ఢిల్లీలో తీసుకున్న ఒక్క నిర్ణయంతో, ప్రపంచ విపణిలో వచ్చిన ఒక్క ఒడుదుడుకుతో భువనేశ్వర్ లెక్కలు తారుమారు కాగలవు.

పట్టికకు అటు కొస

2025 జనవరిలో నీతి ఆయోగ్ 18 పెద్ద రాష్ట్రాల ఆర్థికారోగ్య సూచికను ప్రకటించింది. 2022-23 లెక్కలను ఆధారం చేసుకుని, ఖర్చు నాణ్యత, రాబడి సమీకరణ, లోటు నియంత్రణ, అప్పు పరిమాణం, అప్పు తీర్చగల శక్తి అనే ఐదు అంశాలలో మార్కులు వేశారు. 67.8 మార్కులతో ఒడిశా ప్రథమ స్థానంలో నిలిచింది. చిట్టచివర, 10.7 మార్కులతో నిలిచినది పంజాబ్.

హరిత విప్లవానికి పుట్టినిల్లు, ఒకప్పుడు తలసరి ఆదాయంలో దేశానికి ఆదర్శమైన పంజాబ్ ఈ స్థితికి ఎలా వచ్చింది? 1980 దశకపు ఉగ్రవాదం పారిశ్రామిక పెట్టుబడులను తరిమివేసింది, భద్రత ఖర్చులను పెంచింది. 1997లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ప్రకటించారు. 2022లో ఇళ్ళకు నెలకు 300 యూనిట్లు ఉచితం చేశారు. ఆ ఏటి విద్యుత్ సబ్సిడీ బిల్లు సుమారు 20,000 కోట్లు. దీనికి తోడు, ధాన్య సేకరణకు బ్యాంకులు ఇచ్చిన అప్పుకూ గోదాములలోని నిల్వల విలువకూ ఏళ్ళ తరబడి పేరుకున్న తేడా దాదాపు 31,000 కోట్లు 2017లో రాష్ట్రపు దీర్ఘకాలిక ఋణంగా మారింది. ఇప్పుడు పంజాబ్ నూరు రూపాయల రాబడిలో 20కి పైగా వడ్డీకే పోతున్నాయి. ఉచిత విద్యుత్ రైతుకు మేలు చేయలేదని అనలేము. కాని అదే విద్యుత్ భూగర్భ జలాలను తోడివేసింది, కాలువలకు, పరిశోధనకు, బడులకు పోవలసిన సొమ్మును తినివేసింది.

అదే పట్టికలో తెలంగాణ 43.6 మార్కులతో ఎనిమిదవ స్థానంలోను, ఆంధ్రప్రదేశ్ 20.9 మార్కులతో పదిహేడవ స్థానంలోను ఉన్నాయి. 2014 విభజనలో ఉమ్మడి రాష్ట్రపు అప్పు జనాభా ప్రాతిపదికన 58.32, 41.68 శాతాలుగా పంచబడింది. రాబడికి పెట్టనికోట అయిన హైదరాబాద్ మాత్రం ఒక్కరికే దక్కింది. విభజన తరువాతి సంవత్సరాలలో రెండు రాష్ట్రాలూ మరొక మార్గం పట్టాయి. కార్పొరేషన్ల పేరిట అప్పు తెచ్చి, దానిని ప్రభుత్వ ఖజానా నుంచి తీర్చే మార్గం అది. అటువంటి అప్పు బడ్జెట్ లోటులో కనబడదు, తీర్చేటప్పుడు మాత్రం తప్పదు. 2022లో కేంద్రం ఇటువంటి అప్పులను కూడా రాష్ట్రాల ఋణ పరిమితిలో కలిపి లెక్కించసాగింది. కేరళ ఈ పరిమితుల మీదనే, రాజ్యాంగంలోని 293వ అధికరణం అర్థం తేల్చమని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టుకెక్కింది. మరుసటి ఏప్రిల్‌లో కోర్టు ఆ వివాదాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అప్పు మీద ఆంక్షలు విధించే కేంద్రం తన లోటును ఎందుకు తగ్గించుకోదన్న రాష్ట్రాల ప్రశ్నలోనూ సబబు లేకపోలేదు.

పౌరుడు అడగవలసిన ప్రశ్నలు

బడ్జెట్ నాడు మొత్తం కోట్ల సంఖ్యను పక్కన పెట్టి, పాఠకుడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోను నూరు రూపాయలలో ఎన్ని మిగులుతున్నాయి? తెచ్చిన అప్పులో ఎంత ఆస్తిగా మారుతున్నది, ఎంత తిండికి పోతున్నది? రెండేళ్ళ క్రితం చెప్పిన దానికీ చేసిన దానికీ ఎంత తేడా ఉన్నది? బడ్జెట్ పుస్తకం వెలుపల, ప్రభుత్వం పూచీ పడిన అప్పులు ఎన్ని? వీటికి జవాబులు బడ్జెట్ పత్రాలలోను, రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం శాసనసభ ముందుకు వచ్చే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలలోను దొరుకుతాయి. ఆ నివేదికలు సమావేశాల చివరి రోజున హడావుడిగా బల్ల మీదికి వస్తే, ఎందుకని అడిగే హక్కు కూడా పౌరుడిదే.

ఒడిశాకు ఇప్పుడు ఎదురవుతున్న పరీక్ష వేరు. లేమిలో పొదుపు నేర్చిన రాష్ట్రం కలిమిలో దానిని నిలుపుకోవాలి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం కింద కోటి మందికి పైగా మహిళలకు ఏడాదికి 10,000 రూపాయల చొప్పున ఐదేళ్ళు ఇవ్వాలని సంకల్పించారు. అనగా ఏటా సుమారు పదివేల కోట్లు. 2015-16లో ఒడిశా జనాభాలో 29 శాతానికి పైగా ఉన్న బహుముఖ పేదరికం 2019-21 నాటికి 15.7 శాతానికి తగ్గినా, ఇంకా లక్షల కుటుంబాలు ఆ రేఖ కిందనే ఉన్నాయి. వారి చేతికి డబ్బు చేరటం మంచిదే. అయితే ఇనుప ఖనిజం ఒకసారి తవ్వితే మళ్ళీ పండే పంట కాదు. అది తరిగిపోయేలోగా దాని విలువ బడులుగా, ఆస్పత్రులుగా, సాగునీరుగా, నైపుణ్యంగా మారాలి. మారిందా లేదా అన్నది రాబోయే పదేళ్ళ బడ్జెట్ పుస్తకాలలో, ఆ మొదటి వరుస అంకెలలో తెలుస్తుంది.